హాజీ మొహసిన్ వక్ఫ్: అరవై ఏళ్ల వివాదం

కలకత్తాకు ఉత్తరాన, గంగానది పాయ అయిన హుగ్లీ నది ఒడ్డున అదే పేరుతో ఒక పాత పట్టణం ఉంది. మొగలుల కాలంలో అది పేరున్న రేవు. ఇరాన్ నుంచి వచ్చిన వర్తక కుటుంబాలు కొన్ని అక్కడ స్థిరపడ్డాయి. అలాంటి ఒక కుటుంబంలో 1732లో ముహమ్మద్ మొహసిన్ జన్మించారు. తండ్రి హాజీ ఫైజుల్లా, తల్లి జైనబ్ ఖానమ్. బెంగాల్ ముస్లింలు ఈనాటికీ ఆయన్ని గొప్ప దాతగా తలుచుకుంటారు. అయితే ఆయన ఇచ్చిన ఆస్తి ఆయన కోరిన విధంగా ఖర్చు కావడానికి ఎంత కాలం పట్టిందన్నది చాలామందికి తెలియని విషయం.

ఆ ఆస్తి మొదట మొహసిన్‌ది కాదు. జైనబ్ ఖానమ్ మొదటి భర్త ఆగా మొతహర్‌కు జెస్సోర్ ప్రాంతంలో పెద్ద జాగీర్లు ఉండేవి. ఆయనకు మన్నూజాన్ అనే కూతురు ఒక్కతే సంతానం. ఆగా మొతహర్ ఆమె మెడలో ఒక తావీజు కట్టి, తన మరణానంతరమే విప్పమన్నారని, విప్పి చూస్తే అందులో ఆస్తి యావత్తూ కూతురికే రాసిన పత్రం ఉందని చెబుతారు. తర్వాత జైనబ్ ఖానమ్ హాజీ ఫైజుల్లాను వివాహమాడారు. వారి కుమారుడే మొహసిన్. తండ్రులు వేరైనా అక్కాతమ్ముళ్లు ఒకే ఇంట్లో, ఒకే గురువు వద్ద పెరిగారు.

మొహసిన్ యౌవనంలోనే ఇల్లు విడిచి దేశాటనకు బయలుదేరారు. హజ్ చేశారు. అరేబియా, ఇరాక్, ఇరాన్‌లలో ఏళ్ల తరబడి గడిపారు. పెళ్ళి చేసుకోలేదు. చక్కని దస్తూరీ గలవారు కావడంతో స్వహస్తాలతో ఖుర్ఆన్ ప్రతులు రాసి ఇచ్చేవారని అంటారు. ఇక్కడ భర్తను పోగొట్టుకున్న మన్నూజాన్ జమీందారీ వ్యవహారాలను తానే చూసుకున్నారు. పిల్లలు లేరు. వయసు మీదపడ్డాక తమ్ముణ్ణి పిలిపించుకుని ఆస్తి భారం ఆయనకు అప్పగించారు. 1803లో ఆమె మరణంతో ఆ సంపద అంతా మొహసిన్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. వారసులు లేరు.

1806లో ఆయన పత్రం రాశారు. చాలామంది దీన్ని వీలునామా అంటారు గాని, అది వక్ఫ్‌నామా. ఈ తేడా మన ఇళ్లలో కూడా తెలిసి ఉండటం మంచిది. వసియ్యత్ మనిషి పోయాక అమలవుతుంది, బతికుండగా మార్చుకోవచ్చు, వారసులు ఉంటే వారి సమ్మతి లేకుండా మూడోవంతు దాటకూడదు. వక్ఫ్ అలా కాదు. దాత బతికుండగానే ఆస్తి ఆయన యాజమాన్యం నుంచి తొలగిపోతుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తన భూమిని దైవప్రవక్త (సల్లం) సలహాపై ఇలాగే ధర్మానికి కట్టబెట్టారు. దాన్ని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసత్వంగా పంచకూడదు. దాని ఫలసాయం మాత్రం అర్హులకు చెందాలి. చూసుకునేవాడు అందులోంచి న్యాయంగా తినవచ్చు.

మొహసిన్ ఆదాయాన్ని తొమ్మిది భాగాలు చేశారు. మూడు భాగాలు ఇమాంబాడా, మసీదు నిర్వహణకు, ముహర్రమ్ వంటి ధార్మిక కార్యక్రమాలకు (ఆయన షియా). నాలుగు భాగాలు పింఛన్లకు, జీతాలకు, దానధర్మాలకు. మిగిలిన రెండు భాగాలు ఇద్దరు ముతవల్లీలకు చెరొకటి. రజబ్ అలీఖాన్, షాకిర్ అలీఖాన్‌లను ఆ పదవిలో నియమించి, తన ఖర్చుకు కొద్దిపాటి ఆస్తి ఉంచుకుని తప్పుకున్నారు. ముతవల్లీలకు తొమ్మిదింట రెండు వంతులంటే తక్కువేమీ కాదు. అంత ఇస్తే ఇక పరాయి సొమ్ముకు ఆశపడరని ఆయన అనుకుని ఉండవచ్చు. అలా జరగలేదు. తగాదాలు మొదలయ్యాయి, సొమ్ము స్వాహా చేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. 1812లో మొహసిన్ కన్నుమూశారు. ఆ తర్వాత అడ్డు అదుపు లేకుండా పోయింది.

ధర్మాదాయ ఆస్తులపై పర్యవేక్షణ అధికారాన్ని కంపెనీ ప్రభుత్వం 1810లో చేసిన పందొమ్మిదో రెగ్యులేషన్ ద్వారా తన చేతిలోకి తీసుకుంది. దాని ప్రకారం రెవెన్యూ బోర్డు జోక్యం చేసుకుని, 1817 వచ్చేసరికి ముతవల్లీలను తొలగించింది. ఒక ముతవల్లీ స్థానంలో ప్రభుత్వమే కూర్చుంది. సయ్యద్‌పూర్ జమీందారీని శాశ్వత కౌలుకు ఇచ్చేసింది. వక్ఫ్ భూమిని దీర్ఘకాలం కౌలుకివ్వడానికే ఫిఖహ్ పండితులు వెనకాడతారు, ఇక శాశ్వత కౌలు మాట చెప్పాలా! తొలగింపుకు గురైనవారు కోర్టుకెళ్లారు. దావా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా నడిచి 1835లో ముగిసింది. ఈలోగా కౌలుదార్లు కట్టిన సొమ్ము, మిగులు ఆదాయం కలిసి ఎనిమిది లక్షల రూపాయలకు పైగా పోగయింది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. దొంగ ముతవల్లీలను తొలగించడం న్యాయమే. కానీ పోగయిన సొమ్మును ఏం చేయాలి? ఇంగ్లీషు విద్యకే ప్రభుత్వ ధనం అని కంపెనీ తీర్మానించిన సంవత్సరం కూడా అదే 1835. మొహసిన్ నిధి ధర్మకార్యాలకే కదా, విద్యాదానం కూడా ధర్మకార్యమే కదా అని అధికారులు వాదించారు. 1836 ఆగస్టులో చిన్సురాలో ఆ డబ్బుతో కళాశాల తెరిచారు. కొద్ది రోజుల్లోనే ఇంగ్లీషు విభాగంలో 1200 మంది, అరబీ ఫార్సీలు నేర్పే విభాగంలో 300 మంది చేరారు. ఇంగ్లీషు విభాగంలో ముస్లిం పిల్లలు బహు కొద్దిమంది. చదువు మంచిదే. బంకించంద్ర ఛటర్జీ అక్కడే చదివారు, సయ్యద్ అమీర్ అలీ కూడా. హిందూ సోదరుల పిల్లలు చదువుకోవడంపై ఎవరికీ ఫిర్యాదు ఉండనక్కరలేదు. ఆ చదువుకు ప్రభుత్వం తన ఖజానా నుంచి ఖర్చు పెట్టవలసింది. ఒక ముస్లిం తన ధర్మం కోసం విడిచిన సొమ్ముతో ప్రభుత్వం తన బాధ్యత తీర్చుకుంది, అదే సమయంలో ఫీజు కట్టలేని ముస్లిం పిల్లలు ఆ కళాశాల గడప తొక్కలేకపోయారు. వక్ఫ్ చేసినవాని షరతును మార్చే అధికారం ముతవల్లీకి ఎంత లేదో, పాలకునికీ అంతే లేదు. ఖర్చు మంచి పనికే అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

ముస్లింల అసంతృప్తి లోలోపల రగులుతూనే ఉంది. దాన్ని ఓపికగా, అర్జీల రూపంలో అధికారుల ముందు పెట్టినవారిలో కలకత్తాకు చెందిన నవాబ్ అబ్దుల్ లతీఫ్ ముఖ్యులు. ఇంగ్లీషు చదువు వద్దని ఆయన అనలేదు. నిధి ఎవరిదో వారి పిల్లలకు ఆ చదువు అందాలన్నారు. 1871లో హంటర్ అనే ఆంగ్ల అధికారి భారత ముస్లింలపై రాసిన పుస్తకంలో ఈ నిధి దారి మళ్లిన వైనాన్ని తన ప్రభుత్వాన్నే తప్పుపడుతూ వివరించాడు. పాలకుల మనిషే ఒప్పుకున్నాక కాదనడం కష్టమైంది. 1873లో ప్రభుత్వం కళాశాల ఖర్చును తానే భరించి, మొహసిన్ నిధిని ముస్లింల విద్యకు విడిచిపెట్టింది. ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీలలో మదరసాలు వెలిశాయి. ప్రభుత్వ బడుల్లో, కళాశాలల్లో చదివే ముస్లిం విద్యార్థుల ఫీజులో మూడింట రెండు వంతులు ఆ నిధి నుంచి చెల్లించసాగారు. తూర్పు బెంగాల్ పల్లెల నుంచి మొదటిసారి చదువుకుని పైకొచ్చిన ఎన్నో కుటుంబాల వెనుక ఈ సాయం ఉంది. మొహసిన్ మరణించి అప్పటికి అరవై ఒక్క ఏళ్లు. ఈ మధ్య కాలంలో చదువుకోవలసిన రెండు తరాల పిల్లలు చదవకుండానే పెద్దవాళ్లయిపోయారు.

హుగ్లీలో ఇప్పుడు కనిపించే పెద్ద ఇమాంబాడాను 1841లో మొదలుపెట్టి 1861లో పూర్తి చేశారు. అదీ ఆయన నిధితో కట్టిందే. వక్ఫ్‌నామాను దాని గోడ మీదనే రాయించారు. 1947 విభజనతో ఇమాంబాడా భారతదేశంలో, సయ్యద్‌పూర్ భూములు తూర్పు పాకిస్తాన్‌లో ఉండిపోయాయి. మొహసిన్ సమాధి ఇమాంబాడాకు దగ్గరలోనే ఉంది. పక్కనే అక్క మన్నూజాన్ సమాధి.