రసాయన తపస్వి బెర్జీలియస్

బొగ్గుగనుల ఊరిలో కాపురము చేసిన ఇల్లాలికి ఒక సంగతి బాగుగా తెలియును. గనినుండి వచ్చిన చొక్కాను ఒక్క నీటిలో జాడించినంత మాత్రాన మసి వదలదు. మా బెల్లంపల్లి నేలలో ఇసుకరాతి పొరల నడుమ నేలబొగ్గు ఉన్నది. ఇసుకలో సిలికాన్, బొగ్గులో కర్బనము. నేటి చిప్పులకు ఆధారమైన సిలికాన్ పుట్టునది ఈ జాతి పదార్థముల కలయికనుండియే. అయితే గోదావరి లోయ బొగ్గులో బూడిదపాలు హెచ్చు. ఆ బూడిదలోని ఇనుము వంటివి సిలికాన్‌లో చేరును గనుక ఆ కొలిమికి బూడిద తక్కువైన బొగ్గునే వెదకుదురు. మాలిన్యముతో ఈ పోరాటమునకు ఆద్యుడు యాకోబ్ బెర్జీలియస్.

ఆయన 1779లో స్వీడన్ దేశపు పల్లెటూరిలో జన్మించినాడు. పదేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులిరువురూ గతించినారు. బంధువుల ఇండ్లలో పెరిగి, ఉప్సలాలో వైద్యవిద్య ముగించి, 1807లో స్టాక్‌హోములో ఆచార్యుడైనాడు. సుమారు 2,000 సమ్మేళనములను తూచి, విశ్లేషించి పరమాణుభారములను నిర్ణయించినాడు. మన పిల్లలు వల్లించే మూలకముల అక్షర సంకేతములు ఆయన పెట్టినవే.

ఇసుకలో ఒక మూలకము దాగియున్నదని పలువురు ఊహించినారు. ఇంగ్లండులో డేవీ 1808లో ప్రయత్నించి విఫలుడైనాడు. ఫ్రాన్సులో గే లుసాక్, తెనార్ 1811లో ఏదో పొడిని సాధించినారు గాని, అది మలినభూయిష్ఠమగుటచేత తమ చేతికి చిక్కినదేమో గుర్తింపలేకపోయినారు. బెర్జీలియస్ 1824లో సిలికాన్, ఫ్లోరిన్ గల పొటాసియం లవణమును పొటాసియముతో కలిపి కాల్చి, వచ్చినదానిని నీటిలో వేసినాడు. అడుగున గోధుమవన్నె పొడి నిలిచినది. పూర్వులు ఆగిన చోటు ఇదియే. ఆయన ఆగలేదు. అంటుకొనిన లవణము పోవువరకు మరల మరల కడిగినాడు.

ఆ కాలమున జర్మనీనుండి వచ్చిన వోలర్ అనే యువకుడు ఆయనవద్ద శిష్యరికము చేసినాడు. గొప్ప ప్రయోగశాలను ఊహించుకొని వచ్చిన ఆ శిష్యునికి కనిపించినవి రెండు మామూలు గదులు, పక్కన వంటిల్లు! ఆ వంటింటిలోనే చిన్న కొలిమి, ఎల్లవేళలా వేడిగా ఉండే ఇసుక పళ్ళెము. అన్నా అనే పరిచారిక ఒకవంక వంట చేయుచు, మరొకవంక గాజుపాత్రలు కడిగెడిది. శాస్త్రచరిత్రలు ఆమెను ఒక్క వాక్యముతో సరిపుచ్చుట నాకు న్యాయముగా తోచదు. పాత్ర శుభ్రముగా లేనిచో తూనిక ఎట్లు నిలుచును?

నేటి పద్ధతి వేరు. పలుగురాయిని బొగ్గుతో విద్యుత్ కొలిమిలో కాల్చగా నూటికి 98, 99 పాళ్ళ సిలికాన్ వచ్చును. చిప్పునకు అది చాలదు. దానిని హైడ్రోజన్ క్లోరైడుతో కలిపి, సుమారు 32 డిగ్రీలకే మరిగే ద్రవముగా మార్చి, పలుమార్లు బట్టీపట్టి, ఆ ఆవిరినుండి మరల సిలికాన్‌ను రాబట్టుదురు. నూరుకోట్ల అణువులలో పరాయి అణువు ఒకటికి మించరాదు.

వార్ధక్యమున బెర్జీలియస్ తన సిద్ధాంతములను పట్టుకొని వ్రేలాడి, కొత్తవారితో కలహించినాడు. పదార్థమున మాలిన్యమును సహింపనివాడు తన వాదమున దానిని చూడలేకపోయినాడు కాబోలు! 1835లో, 56వ ఏట వివాహమాడి, 1848లో కన్నుమూసినాడు. ఆయన ఎరిగిన సిలికాన్ గోధుమవన్నె పొడి మాత్రమే. డెవిల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తళతళలాడే సిలికాన్ స్ఫటికములను 1854లో సాధించునాటికి ఆయన పోయి ఆరేండ్లయినది.