ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ – కాలం అందరికీ ఒకటేనా?

మీలో చాలామంది బడి మధ్యలో మానేసి ఇప్పుడు ఇంటి దగ్గర చదువుకుంటున్నవారు. ఐన్‌స్టీన్ కూడా కొంతకాలం అలాగే గడిపారు. ఆయన 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో జన్మించారు. పదిహేనో ఏట మ్యూనిక్‌లో బడి వదిలేసి, ఇటలీలో ఉంటున్న తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లిపోయారు. 1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష తప్పారు. లెక్కల్లో తప్పారని చాలామంది అంటుంటారు. అది నిజం కాదు. లెక్కలు, భౌతికశాస్త్రం బాగానే రాశారు, మిగిలిన సబ్జెక్టులే దెబ్బతీశాయి. మరుసటి ఏడాది అక్కడే చేరి 1900లో పట్టా పొందారు. అయినా రెండేళ్లు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. చివరకు 1902లో బెర్న్ నగరంలోని పేటెంట్ కార్యాలయంలో చేరారు. కొత్త యంత్రాలు కనిపెట్టినవారు పంపే దరఖాస్తులను పరిశీలించడం ఆయన పని.

ఆ ఉద్యోగం చేస్తూనే 1905లో సాపేక్షతా సిద్ధాంతాన్ని ప్రకటించారు. సాపేక్షం అంటే మరొకదానితో పోల్చి చెప్పేది. అదేమిటో చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలులో మీరు ఇంజను వైపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నారనుకోండి. ప్లాట్‌ఫారం మీద ఉన్న మీ స్నేహితునికి మీ వేగం 65 కిలోమీటర్లు. కాంతి మాత్రం ఈ కూడికకు లొంగదు. దాని వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. రైలులో ఉండి కొలిచినా, నేల మీద నిలబడి కొలిచినా అంతే.

ఇప్పుడు రైలుపెట్టె సరిగ్గా మధ్యలో దీపం వెలిగించండి. వెలుగు రెండు చివరి గోడలకూ ఒకేసారి చేరిందని మీరంటారు. మీ స్నేహితుడు ఒప్పుకోడు. వెలుగు ప్రయాణించే ఆ కాస్త వ్యవధిలో వెనుక గోడ దానికి ఎదురు వచ్చింది, ఇంజను వైపు గోడ దూరం జరిగింది. కాబట్టి వెనుక గోడకే మొదట చేరిందని అతడంటాడు. ఎవరిది తప్పు? కొంచెం ఆగి ఆలోచించండి. ఇద్దరికీ కాంతి వేగం ఒకటే కనుక ఇద్దరి మాటా నిజమే! ఒకేసారి జరగడమనేది చూసేవారిని బట్టి మారుతుంది. అంటే కాలం అందరికీ ఒకే తీరున నడవదు. నేల మీదివారి లెక్కలో రైలులోని గడియారం నెమ్మదిగా నడుస్తుంది. కాంతి ముందు రైలు వేగం ఏపాటిది? అందుకే ఆ తేడా మనకు తెలియదు.

1915లో ఆయన తన సిద్ధాంతాన్ని గురుత్వాకర్షణకు విస్తరించారు. సూర్యుని పక్కగా వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుందో లెక్కగట్టారు. 1919 మే 29 నాటి సూర్యగ్రహణ సమయంలో తీసిన ఫొటోలు దానిని బలపరిచాయి. మరుసటి ఏడాదే కలకత్తా విశ్వవిద్యాలయం ఈ వ్యాసాల ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించింది. అనువదించిన మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అప్పటికి ముప్పై నిండని యువకులు.

ఆయనకు 1921 నోబెల్ బహుమతి వచ్చింది. విచిత్రమేమంటే, అది సాపేక్షతకు కాదు, కాంతి విద్యుత్ ఫలితంపై చేసిన కృషికి! యూదుడైనందున, హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీని శాశ్వతంగా విడిచి అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో స్థిరపడ్డారు. 1955 ఏప్రిల్ 18న అక్కడే మరణించారు.

1971లో శాస్త్రవేత్తలు అతి సూక్ష్మమైన గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పి తెచ్చారు. నేల మీది గడియారంతో పోలిస్తే వాటిలో తేడా కనిపించింది. సెకనులో వంద కోట్లవ వంతుల్లో కొలవవలసినంత చిన్న తేడా అది.