షేక్ నాజర్

షేక్ నాజర్ (1920 - 1997) ప్రఖ్యాత బుర్రకథకుడు, గాయకుడు, నటుడు. ప్రజానాట్యమండలి దళాలతో కలిసి ఊరూరా తిరిగి బుర్రకథలు చెప్పి, ఈ జానపద కళారూపానికి 20వ శతాబ్దంలో ఎంతో ప్రాచుర్యం తెచ్చాడు. బుర్రకథ పితామహుడని ఇతనికి పేరు. భారత ప్రభుత్వం 1986లో పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు ఇతడు చెప్పిన కథలలో ముఖ్యమైనవి.

పితామహుడన్న బిరుదును అక్షరార్థంలో తీసుకోరాదు. బుర్రకథ నాజర్‌తో పుట్టినది కాదు. జంగం కథ, శారద కథ, తందాన కథ అన్న పేర్లతో అంతకు చాలాకాలం ముందునుండే తెలుగు పల్లెలలో ఉన్నది. భిక్షాటనతో జీవించే కథకుల కుటుంబాలే దానిని కాపాడుతూ వచ్చాయి. ఆ కథను తెచ్చి వేలమంది గుమికూడే బహిరంగ సభలో నిలబెట్టిన తరంలో అగ్రగణ్యుడు నాజర్.

బాల్యం, సంగీత శిక్షణ

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీనాబీ. దూదేకులవారినే పింజారులని కూడా అంటారు. పత్తిని ఏకి దూదిగా చేయడం వీరి కులవృత్తి. మతరీత్యా ముస్లిములైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అటు ముస్లిములలోను, ఇటు హిందువులలోను వీరిని తక్కువగా చూసే అలవాటు ఆనాడు బలంగా ఉండేది. మిల్లు యంత్రాలు వచ్చిన తరువాత ఆ వృత్తి కూడా క్షీణించింది.

చిన్నతనంలోనే గాత్రం బాగుండడంతో నాటక సమాజాలవారి దృష్టిలో పడ్డాడు. బాలనటుడిగా పౌరాణిక నాటకాలలో పాత్రలు ధరించాడు. పద్యనాటకంలో రాణించాలంటే రాగజ్ఞానం తప్పనిసరి. నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య వద్ద కర్ణాటక సంగీతం అభ్యసించాడు. తరువాతి కాలంలో అతని బుర్రకథకు వచ్చిన ప్రత్యేకతకు ఈ శిక్షణే పునాది అని చెప్పవచ్చును. జానపద బాణీలో వరుసగా సాగే కథనం మధ్య శాస్త్రీయ రాగచ్ఛాయలు, నాటకపు వాచికం కలిసి వినిపిస్తాయి.

బుర్రకథ దళం

బుర్రకథకు సాధారణంగా ముగ్గురు కావాలి. మధ్యన నిలిచేవాడు కథకుడు. పొడవైన అంగీ, తలపాగా, నడుముకు పట్టీ, కాళ్ళకు గజ్జెలు అతని వేషం. భుజాన తంబురా, చేతి వేళ్ళకు అందెలు ఉంటాయి. తంబురా గుండ్రని బుర్ర వంటి ఆకారం వల్లనే ఈ కళకు బుర్రకథ అని పేరు వచ్చిందని అంటారు. అతనికి రెండువైపులా గుమ్మెటలు (డక్కీలు) వాయిస్తూ ఇద్దరు వంతలు నిలుస్తారు. వారిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. హాస్యం చెప్పేవాడు జనాన్ని నవ్విస్తాడు. రాజకీయం చెప్పేవాడు కథలోని సంగతిని నేటి లోకానికి ముడిపెట్టి వ్యాఖ్యానిస్తాడు. పాట, మాట, అడుగు ఒకే లయమీద నడవాలి. ఒకరు ఆపినచోట మరొకరు క్షణం ఆలస్యం లేకుండా అందుకోవాలి. అందువలన బుర్రకథ ఎప్పుడూ దళం కళయే. కథకుడు ఎంత గొప్పవాడైనా వంతలు మందకొడిగా ఉంటే కథ కుంటుపడుతుంది.

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. అదే కాలంలో ఆంధ్ర ప్రజానాట్యమండలి ఆవిర్భవించింది. డాక్టర్ గరికపాటి రాజారావు దీని ప్రధాన నిర్వాహకుడు. చదువురాని రైతుకూలీలకు రాజకీయ విషయాలు చేరవేయడానికి ఉపన్యాసం కంటే వారికి తెలిసిన కళారూపాలే మేలని మండలి భావించింది. సుంకర సత్యనారాయణ రచించిన కష్టజీవి బుర్రకథ ఈ దారిలో తొలి అడుగులలో ఒకటి. కమ్యూనిస్టు కార్యకర్తల పరిచయంతో నాజర్ ఈ ఉద్యమంలోకి వచ్చాడు. వేపూరి రామకోటి, పురుషోత్తం అతని సహచరులు. ఈ ముగ్గురి దళం గుంటూరు జిల్లా ఎల్లలు దాటి పేరు తెచ్చుకొన్నది. నాజర్ పేరు ఒక్కటే నేడు మిగిలినా, ఆ కీర్తి ముగ్గురి కష్టఫలం.

1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది మంది మరణించారు. మండలి కళాకారులు ప్రదర్శనలిచ్చి బాధితుల సహాయార్థం విరాళాలు సేకరించారు. బెంగాల్ కరువు బుర్రకథ ఆ సందర్భం నుండి వచ్చినదే. ఎక్కడో ఉన్న ప్రజల ఆకలిని గుంటూరు జిల్లా పల్లెవాసి తన ఇంటి సంగతిగా భావించి కానుక ఇచ్చేటట్లు చేయడం సామాన్యం కాదు.

ఆ కాలంలోనే స్త్రీలు కూడా బుర్రకథ దళాలుగా ఏర్పడ్డారు. మోటూరు ఉదయం మొదటి మహిళా బుర్రకథకురాలిగా ప్రసిద్ధి పొందింది. కుటుంబ స్త్రీలు వేదిక ఎక్కడమే తప్పుగా చూసే రోజులవి.

నిషేధం

బుర్రకథ ప్రభావాన్ని పాలకులు త్వరగానే గుర్తించారు. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదు రాజ్యంలో నిజాం ప్రభుత్వం ఈ ప్రదర్శనలను నిషేధించాయి. సరిహద్దు గ్రామాలలో దీని అర్థం స్పష్టంగా తెలిసేది. నేడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఎర్రుపాలెం, మధిర ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలోని వరంగల్లు జిల్లాలో ఉండేది. దానికి ఆనుకొనియున్న కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది. భద్రాచలం కూడా మద్రాసు రాష్ట్రానికే చెందేది. ఇక్కడ మాట్లాడేది ఒకే తెలుగు, వినేది ఒకే కథ, కాని ఎల్లకు ఇటూ అటూ రెండు ప్రభుత్వాలు, రెండు నిషేధాలు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు జమలాపురం కేశవరావు ఎర్రుపాలెంలోనే జన్మించాడు. నిజాం రాజ్యంలో సభ పెట్టడం, పాట పాడడం ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతానికి తెలిసిన విషయమే. తెలంగాణ లోపల సుద్దాల హనుమంతు వంటివారు బుర్రకథను, గొల్లసుద్దులను సాయుధ పోరాటకాలంలో ప్రచార సాధనాలుగా వాడుకొన్నారు.

స్వాతంత్ర్యం వచ్చినా ప్రజానాట్యమండలికి కష్టాలు తీరలేదు. 1948 తరువాత మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టులపై తీవ్రమైన నిర్బంధం అమలయింది. కళాకారులు కొందరు అరెస్టు అయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్ళారు. దళాలు చెదిరిపోయాయి. పలువురు కళాకారులు పొట్టకూటికై మద్రాసు సినిమా పరిశ్రమకు చేరారు.

చలనచిత్రాలు

1953లో గరికపాటి రాజారావు పుట్టిల్లు చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించాడు. ప్రసిద్ధ నటి జమునకు ఇది మొదటి చిత్రం. ఇందులో నాజర్ బుర్రకథ ఉన్నది. చిత్రం ఆర్థికంగా విఫలమయింది.

మరుసటి సంవత్సరం, 1954లో, ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన అగ్గిరాముడు విడుదలయింది. దీనిలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ప్రేక్షకులను విశేషంగా ఆకర్షించింది. 1922 - 24 మధ్య గోదావరి, విశాఖ మన్యంలో పోరాడి కాల్చివేయబడిన సీతారామరాజు కథకు అప్పటికి ముప్పది ఏండ్లు. కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు చిత్రం రావడానికి ఇంకా ఇరవై ఏండ్లున్నది. ఆ నడిమి తరానికి తెరమీద సీతారామరాజు కథ చెప్పినది ముందుగా నాజరే. ఒక కథానాయకుడు రాజు వేషం వేయకుండానే, మధ్యన ఒక కథకుడు, పక్కన ఇద్దరు వంతలు నిలిచి మన్యం అంతటినీ కళ్ళముందు నిలిపారు.

నాజర్‌ను ప్రత్యక్షంగా వినని తరాలవారు అతనిని ఎక్కువగా ఈ సినిమా భాగాల ద్వారానే ఎరుగుదురు. వీటిని చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పల్లెలో బుర్రకథ గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రాత్రంతా సాగుతుంది. జనం నవ్వును, నిట్టూర్పును బట్టి కథకుడు నడక మారుస్తాడు. రాజకీయం చెప్పేవాడు ఆ ఊరి సమస్యను అప్పటికప్పుడు కథలోకి తెస్తాడు. సినిమాలో ఇవేవీ ఉండవు. లయతో నడిచే మాట, అప్పటికప్పుడు వేసే చురక, దళసభ్యుల మధ్య పోటాపోటీ అన్న లక్షణాలలో బుర్రకథను అమెరికా నల్లజాతి యువకుల హిప్ హాప్ సంగీతంతో పోల్చవచ్చును. న్యూయార్కుకు చెందిన వూ-టాంగ్ క్లాన్ అనే హిప్ హాప్ బృందం చరిత్రపై 2019లో నాలుగు భాగాల డాక్యుమెంటరీ వచ్చింది. సభ్యులు స్వయంగా తమ కథ చెప్పుకోగా అభిమానులు దానిని చూసి ఎవరి పాలు ఎంత అని చర్చించుకోగలిగారు. నాజర్ దళంలో రామకోటి పాలెంత, పురుషోత్తం పాలెంత అని తేల్చుకోవడానికి తెలుగు ప్రేక్షకులకు ముఖ్యంగా ఆ కొన్ని నిమిషాల సినిమా భాగాలే ఆధారం.

కథల ఎంపిక

నాజర్ చెప్పిన పల్నాటి యుద్ధం గుంటూరు జిల్లావారికి సొంత కథ. 12వ శతాబ్దంలో కారంపూడి వద్ద జరిగిన దాయాదుల పోరాటం అది. అన్ని కులాలవారిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడు, మాల కులస్థుడైన కన్నమదాసు సేనానిగా నిలవడం అందులో ఉన్నాయి. బొబ్బిలి యుద్ధం 1757లో విజయనగరం రాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటపై చేసిన దాడిని చెబుతుంది. వీటిలో ఓడినవారి వీరత్వమే ప్రధానం. ఒక పేద ముస్లిము కుటుంబంలో పుట్టినవాడు ఈ వీరగాథలు చెబుతుంటే అన్ని మతాలవారు, కులాలవారు నేలమీద కూర్చుని విన్నారు. ఆసామి అనే నాటకం కూడా ఇతడు రచించాడు.

చివరి దశ

ఒకప్పుడు నిషేధించిన కళనే ప్రభుత్వాలు తరువాత పంచవర్ష ప్రణాళికలు, కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత ప్రచారానికి వినియోగించుకొన్నాయి. ఈ ప్రచారంలో రాజకీయం చెప్పే వంతకు పూర్వపు పదును ఉండే అవకాశం తక్కువ. సినిమా, ఆ తరువాత టెలివిజన్ రావడంతో దళాలకు ఆహ్వానాలు తగ్గిపోయాయి.

నాజర్ తన జీవితాన్ని చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థం చేశాడు. దానికి పింజారి అని పేరు. తెలుగునాట ఈ కులనామాన్ని తిట్టుగా వాడడం కద్దు. పద్మశ్రీ బిరుదాంకితుడైన కళాకారుడు తన జీవితచరిత్రకు ఆ మాటనే పేరుగా ఉంచుకొన్నాడు. కళాకారుని ఆత్మకథగానే కాక, దూదేకుల జీవనాన్ని లోపలినుండి చూపిన తెలుగు పుస్తకంగా కూడా ఇది విలువైనది. ప్రజానాట్యమండలి చరిత్రను అధ్యయనం చేసే విద్యార్థులు తప్పక చదువవలసినది.

నాజర్ 1997 ఫిబ్రవరిలో మరణించాడు. 2020లో అతని శతజయంతి సంవత్సరం వచ్చింది.