కనిపించని వేడిని పట్టుకున్న బ్యాండు సైనికుడు

జంషెడ్‌పూర్ కద్మాలో మా ఇంటికి రెండు వీధుల అవతల, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుకుని బతికే కుటుంబం ఒకటి ఉంది. మొన్నటి పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్ల తెల్ల ఆడగుర్రం జీను చూడగానే చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరుగుతోందని నన్ను పిలిచారు. నేను సైన్యంలో పనిచేశాను కాబట్టి నాకు గుర్రాల సంగతి తెలుసని వాళ్ల నమ్మకం. వీపంతా తడిమి చూశాను. పుండు లేదు, వాపు లేదు. మా అన్నయ్య కొడుకు ఫ్యాక్టరీల్లో మోటార్లు, కొలిమి గోడలు తనిఖీ చేస్తుంటాడు. అతని చేతి థర్మల్ కెమెరా అడిగి తెచ్చాను. గుర్రాన్ని నీడలో నిలబెట్టి, చెమట ఆరాక చూస్తే, మెడ మొదలుకు వెనకాల ఎడమ పక్కన అరచేయంత మేర తెరమీద తెల్లగా వెలిగింది. కుడి పక్కన అదే చోట అలాంటిదేమీ లేదు. జీను తిరగేసి చూశాను. సరిగ్గా అక్కడే లోపలి దూది గడ్డకట్టి రాయిలా ఉంది.

సరిహద్దులో రాత్రి కాపలా కాసే పరికరాల్లోనూ, మన టి-90 ట్యాంకు గురిచూసే అద్దంలోనూ పనిచేసేది ఇదే సూత్రం. దాని వెనకున్న వేడి కిరణాలను మొదట పట్టుకున్నవాడు విలియం హెర్షెల్. యురేనస్ గ్రహాన్ని కనుగొన్నవాడిగా బడిలో ఆయన గురించి చదివాం. ఆయనా ఒకప్పుడు పటాలంలో ఉన్నవాడేనని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి ఫుట్‌గార్డ్స్ బ్యాండులో ఓబో వాయించేవాడు. మన సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాద్యం అది. కొడుకూ పద్నాలుగేళ్లకే అదే బ్యాండులో చేరాడు. 1757 జూలైలో హాస్టెన్‌బెక్ దగ్గర ఫ్రెంచి సేన వీళ్ల పక్షాన్ని ఓడించింది. ఆ గందరగోళంలో తండ్రి సలహా మీద కుర్రాడు పటాలం వదిలాడు. ఆ ఏడాదే ఇంగ్లండు చేరాడు. విడుదల కాగితం మాత్రం 1762లో గానీ రాలేదు. కోర్ట్ మార్షల్ బల్ల వెనక కూర్చున్నవాణ్ణి నేను. ఆయన కేసు నా ముందుకొస్తే ఏం తీర్పు రాసేవాణ్ణోనని అప్పుడప్పుడు అనుకుంటాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కడ పొట్టకూటికి సంగీతపు ప్రతులు రాశాడు, పాఠాలు చెప్పాడు. 1766లో బాత్ పట్టణంలో ఒక ప్రార్థనా మందిరానికి ఆర్గాన్ వాద్యకారుడయ్యాడు. 1772లో చెల్లెలు కరోలిన్ వచ్చి చేరింది. దూరదర్శినుల పిచ్చి పట్టుకున్నాక ఇల్లే కార్ఖానా అయింది. ఉక్కు ఊళ్లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇష్టమైన ఘట్టం ఇక్కడుంది. పెద్ద అద్దం పోత పోయడానికి హెర్షెల్ గుర్రపు లద్దితో అచ్చు కట్టాడు. ఆ లద్దిని రోట్లో దంచి జల్లెడ పట్టింది కరోలిన్. 1781 ఆగస్టులో కరిగిన లోహం కారి నేలమీద పరుచుకుంది. రాతి పలకలు పగిలి ఎగిరిపడుతుంటే అందరూ బయటికి పరుగెత్తారు. ఇదంతా యురేనస్ దొరికిన మార్చి 13 తర్వాత అయిదు నెలలకు. కీర్తి వచ్చాక కూడా ఆ ఇంట్లో లద్ది దంచుడు ఆగలేదన్నమాట. 1782లో రాజు ఆయనకు ఏడాదికి 200 పౌన్ల జీతం ఏర్పాటు చేశాడు.

అసలు సంగతి 1800 నాటిది. సూర్యుణ్ణి చూడటానికి రంగుటద్దాలు మారుస్తుంటే, కొన్నిటిలో వెలుతురు తక్కువైనా కంటికి వేడి తగులుతోందని గమనించాడు. పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, బుడ్డికి నల్లరంగు పూసిన థర్మామీటరును ఒక్కో రంగులో పెట్టాడు. పోల్చుకోవడానికి మరి రెండింటిని పక్కన ఉంచాడు. పాదరసం ఊదాలో 2, ఆకుపచ్చలో మూడుంపావు, ఎరుపులో దాదాపు 7 ఫారన్‌హీట్ డిగ్రీలు పెరిగింది. ఎరుపు అంచు దాటి, రంగే లేని చోట పెట్టినా పెరిగింది. ఎక్కువ వేడి అక్కడే ఉందని తేల్చాడు. మా నాన్న ఇక్కడి కర్మాగారంలో లోహం రంగు చూసి దాని వేడి చెప్పేవాడు. రంగు కనిపించని వేడిని మాత్రం ఆయన కన్ను కూడా పట్టలేదు.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న పోయాడు. ఆ వేడితో తొలిసారి బొమ్మ తీసింది కొడుకు జాన్, 1840లో. మనుమడు విలియం జేమ్స్ మన బెంగాల్లో దొరతనం చేస్తూ 1858లో ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద చేతి ముద్ర వేయించాడు. నేర పరిశోధనలో వేలిముద్రల కథ అక్కణ్ణుంచి సాగింది. భద్రతా రంగం ఈ కుటుంబానికి రెండు విధాల బాకీ.

నేను బాకీ పడ్డది ఒక కంచరగాడిదకు. ఎనభైల్లో కశ్మీరు కొండల మీద నా పోస్టుకు సరుకంతా వాటి వీపు మీదే వచ్చేది. మంచు ముంచుకొస్తున్న ఒక సాయంత్రం, తోలేవాడు ఒకదాని వీపు చెయ్యేస్తే కాలుతోందని చెప్పాడు. దీపం పట్టి చూశాను, గాయం లేదు. బరువు ఎత్తమన్నాను. మూడో రోజు జీను తీస్తే చర్మం దానితోపాటే ఊడొచ్చింది. ఆ చలికాలమంతా అది మళ్లీ పనికి రాలేదు. ఖడక్‌వాస్లాలో స్వారీ నేర్పిన ఉస్తాద్ జీను దించగానే వీపు తడమమని రోజూ చెప్పేవాడు. తడిమినవాడి మాట నేను వినలేదు.

ఒత్తిడి, రాపిడి ఉన్నచోట పుండు పడక ముందే రక్తం చేరి వేడెక్కుతుంది. కెమెరా చూపేది అదే. జీను ముందూ వెనకా వేడిగా, మధ్యలో చల్లగా ఉంటే అది వంతెనలా రెండు కొసల మీదే నిలుస్తోందని అర్థం. ఎండ, తడి, గాలి, బురద ఈ లెక్కను చెడగొడతాయి. జబ్బు పేరు కెమెరా చెప్పదు, అది వెటర్నరీ డాక్టరు పని. అయినా జంతువులతో సరుకు మోయించే ప్రతి దళం చేతిలో ఇదొకటి ఉండాలని నేనంటాను. ట్యాంకు కోసం కొంటున్న చూపును ఆ ట్యాంకు ఎక్కలేని కొండెక్కే జంతువు కోసం కొనడానికి వెనకాడటం నాకు అర్థం కాదు.

ఆ గుర్రానికి అప్పటికే మూడు పెళ్లిళ్ల అడ్వాన్సు తీసుకున్నారు. అందులో సగం దాణాకు ఖర్చయింది. తెరమీది బొమ్మను యజమాని చాలాసేపు చూశాడు. తర్వాత రెండు పెళ్లిళ్లకు డబ్బు వాపసు ఇచ్చి, జీనును బిస్తుపూర్‌లో దూది మార్పించడానికి తీసుకెళ్లాడు. మూడో పెళ్లికి ముందు రోజు మళ్లీ కెమెరా పట్టాను. ఎడమా కుడీ ఒకే రంగులో ఉన్నాయి. జీను వేస్తుంటే గుర్రం పక్కకు జరగలేదు.