కలకత్తా రైలెక్కిన తెలుగు టాకీ
మూకీల నుంచి రంగుల తెర వరకు చిత్తజల్లు పుల్లయ్య ప్రస్థానం

ఖరగ్‌పూర్: పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినిపించడం కొత్త విషయం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ - నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను నెలకొల్పింది. ఆ తర్వాత భారీ వర్క్‌షాపును నిర్మించింది. అప్పట్లో శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి పెద్ద సంఖ్యలో తెలుగువారు ఉపాధి కోసం తరలివచ్చారు. వారి సంతతి మథురాకాటి, నింపురా వంటి పేటలలో నేటికీ నివసిస్తున్నది. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ప్రధానంగా దృష్టిలో ఉంచుకొన్నది ఈ పట్టణాన్నే.

సొంత ఊరికి దూరమైన కుటుంబాలను మాతృభాషతో ముడివేసి ఉంచిన వాటిలో సినిమా ఒకటి. తెలుగువారు ఎక్కడ స్థిరపడినా అభిమాన తారల జన్మదినాలను మరువరు. మే 28వ తేదీ అనగానే నందమూరి తారక రామారావు, సెప్టెంబరు 20 అనగానే అక్కినేని నాగేశ్వరరావు గుర్తుకు వస్తారు. దాసరి నారాయణరావు జన్మదినమైన మే 4వ తేదీని తెలుగు సినీ దర్శకులు తమ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అయితే, తెరమీద తారలకు వెలుగులు రాకముందు, తెలుగు సినిమాకు సొంత గూడు కూడా లేని కాలం ఒకటున్నది. వర్క్‌షాపు కార్మికుని మాదిరిగానే తెలుగు సినిమా సైతం ఖరగ్‌పూర్ మీదుగా సాగే రైలు మార్గంలో ఉత్తరానికి వలస వెళ్లింది. ఆ వలసకు సారథ్యం వహించిన వారిలో అగ్రగణ్యుడు చిత్తజల్లు పుల్లయ్య.

ఇంటి ఆవరణలో తొలి చిత్రం

పుల్లయ్య 1898లో కాకినాడలో జన్మించారు. తెలుగునాట నాటకానికి మహర్దశ నడుస్తున్న రోజులవి. సురభి వారి ప్రదర్శనలు, మైలవరం సమాజం వారి పౌరాణిక నాటకాలు జనాన్ని ఉర్రూతలూగించేవి. మూకీ బొమ్మలు అప్పుడప్పుడే గుడారాలలో ప్రదర్శితమవుతున్నాయి. దక్షిణాదిలో సినిమా ప్రదర్శనకు పునాది వేసిన రఘుపతి వెంకయ్య, ఇంగ్లండులో శిక్షణ పొంది వచ్చిన ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. పుల్లయ్య ఆ ప్రకాశ్ వద్దనే చిత్ర నిర్మాణంలో ఓనమాలు దిద్దుకొన్నారు.

మద్రాసు నుంచి తిరిగి వచ్చిన తర్వాత 1925-26 ప్రాంతంలో ఆయన కాకినాడలో తన ఇంటినే స్టుడియోగా మార్చుకొని 'భక్త మార్కండేయ' అనే మూకీ చిత్రాన్ని నిర్మించారు. అందులో యముని వేషం కూడా తానే ధరించారు. విద్యుద్దీపాల సదుపాయం, తర్ఫీదు పొందిన సిబ్బంది, చేతినిండా పెట్టుబడి వంటివి ఏవీ లేని ఊళ్లో అటువంటి ప్రయత్నానికి పూనుకోవడం సాహసమే. నటన, దర్శకత్వం, నిర్మాణం అన్న విభజన ఆనాడు లేదు. సినిమాను నమ్ముకొన్నవాడు అన్ని పనులకూ సిద్ధపడవలసి వచ్చేది.

మాట వచ్చిన సినిమా

పుల్లయ్య మూకీలలో నిలదొక్కుకొనేలోగానే వాటి కాలం చెల్లిపోయింది. 1931లో 'ఆలం ఆరా'తో హిందీ తెరకు మాట వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో విడుదలై తెలుగు టాకీకి నాంది పలికింది. ఈ పరిణామం మూకీల వారిని సంకటంలో పడవేసింది. శబ్దగ్రహణ యంత్రాలు గల స్టుడియో ఆనాడు తెలుగునాట లేదు సరికదా, మద్రాసులో సైతం లేదు. మద్రాసులో తొలి టాకీ స్టుడియో వెలిసింది 1934లో. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ నెలకొల్పింది 1936లో. అంతవరకు తెలుగు చిత్రం తీయదలచినవారికి బొంబాయి, కొల్హాపూర్, కలకత్తా నగరాలే శరణ్యమయ్యాయి.

కలకత్తాలో బి.ఎల్. ఖేమ్కా 1932లో ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీని ప్రారంభించారు. ఒక్క బెంగాలీ ప్రేక్షకులను నమ్ముకొంటే స్టుడియో పెట్టుబడి తిరిగి రాదన్న వ్యాపార దృష్టితో ఆయన హిందీ, తెలుగు, తమిళ భాషల చిత్రాలకూ తలుపులు తెరిచారు. యంత్రాలు, సాంకేతిక నిపుణులు కలకత్తాలో ఉన్నారు. కథలు, కంఠాలు, ప్రేక్షకులు తెలుగునాట ఉన్నారు. ఈ రెంటినీ కలపగల మనిషి కావలసి వచ్చింది. ఆ బాధ్యత పుల్లయ్య భుజాన పడింది.

1933లో 'సతీ సావిత్రి' చిత్రంతో ఆయన టాకీ దర్శకులయ్యారు. రామతిలకం సావిత్రిగా, వేమూరి గగ్గయ్య యమునిగా నటించారు. రంగస్థలం మీద గగ్గయ్య గంభీర కంఠం ఎరిగిన జనం తెరమీద కూడా ఆయన యముని చూసి ముగ్ధులయ్యారు. నాటకం టిక్కెట్టు కొనలేని పల్లెవాసికి సైతం గగ్గయ్య పద్యం అందుబాటులోకి రావడం టాకీ తెచ్చిన పెద్ద మార్పు.

రైలు బండిలో నట బృందాలు

ఆ రోజుల్లో ఒక తెలుగు చిత్రం తీయడమంటే ఒక ఊరిని మరో ఊరికి తరలించడమే. నటీనటులు, వాద్యకారులు సామర్లకోటలో రైలెక్కితే వాల్తేరు, కటకం దాటి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరుకోవాలి. కలకత్తాలో మకాం వేసి, భాష తెలియని సాంకేతిక నిపుణుల నడుమ పని పూర్తి చేసుకొని తిరిగి రావాలి. బృందంలో ఎవరికి సుస్తీ చేసినా చిత్రీకరణ నిలిచిపోతుంది. నిలిచిన ప్రతి దినానికీ మకాం ఖర్చు, స్టుడియో అద్దె పెరుగుతాయి. దర్శకుడు కథను నడపడంతోపాటు ఒక పెద్ద కుటుంబాన్ని సైతం నడపవలసి ఉండేది.

1934లో ఇదే సంస్థకు పుల్లయ్య రూపొందించిన 'లవకుశ' ఆ శ్రమకు తగిన ఫలితాన్ని ఇచ్చింది. పారుపల్లి సుబ్బారావు శ్రీరామునిగా, సీనియర్ శ్రీరంజని సీతగా నటించిన ఈ చిత్రం తెలుగు జిల్లాలలో అపూర్వ విజయాన్ని సాధించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకొని పట్టణాలకు తరలివచ్చాయి. తెలుగు సినిమాకు పెట్టుబడి పెడితే లాభం వస్తుందన్న ధైర్యం నిర్మాతలకు, పంపిణీదారులకు కలిగించిన చిత్రాలలో దీనికి ప్రథమ స్థానం ఇవ్వాలి.

విజయం సాధించిన బాటలోనే నడవడం సినీరంగ సంప్రదాయం. పుల్లయ్య అందుకు భిన్నంగా 1936లో బాల నటులతోనే 'అనసూయ', 'ధ్రువ విజయం' చిత్రాలను కలకత్తాలో తీసి, రెంటినీ ఒకే ప్రదర్శనగా ప్రేక్షకులకు అందించారు. పెద్దల పాత్రలను సైతం పిల్లల చేత ధరింపజేసిన ఈ ప్రయోగం తెలుగులో బాలల చిత్రాలకు నాంది అయింది. ఇల్లు విడిచి ఎరుగని పిల్లలను అంత దూరం తీసుకువెళ్లి, వారి చేత పద్యాలు పాడించి, క్షేమంగా తిరిగి అప్పగించడం దర్శకత్వాన్ని మించిన బాధ్యత. అలా వెళ్లిన బాలికలలో కృష్ణవేణి ఒకరు. అనంతర కాలంలో ఆమె కథానాయికగా, నిర్మాతగా ఎదిగి 1949లో 'మన దేశం' చిత్రం ద్వారా ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేశారు. నూరేళ్లు నిండిన ఆమె 2025 ఫిబ్రవరిలో కన్నుమూయడంతో ఆ తరంతో మనకున్న ప్రత్యక్ష సంబంధాలలో ఒకటి తెగిపోయింది.

పురాణం నుంచి సంఘం వైపు

1939లో పుల్లయ్య పురాణాలను పక్కన పెట్టి కాళ్లకూరి నారాయణరావు సుప్రసిద్ధ నాటకం 'వరవిక్రయం'ను చిత్రంగా మలిచారు. కట్నం కోసం వరుణ్ణి అంగట్లో సరుకుగా మార్చిన దురాచారాన్ని ఎండగట్టే కథ అది. ఇది కూడా కలకత్తాలోనే రూపొందింది. అందులోని కాళింది పాత్రతో భానుమతి చిత్రరంగ ప్రవేశం చేశారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. పుష్పవల్లి చెల్లెలు కమలగా నటించారు. ఒక దర్శకుని దృష్టిలో పడిన ఆ బాలిక ఆపై నటిగా, గాయనిగా, దర్శకురాలిగా, రచయిత్రిగా తెలుగువారి ఇంటింటి పేరు అయ్యారు.

ఇంతలో మద్రాసు స్టుడియోలు బలపడ్డాయి. తెలుగు సినిమా కలకత్తా మకాం ఎత్తివేసింది. పుల్లయ్య కూడా మకాం మార్చారు. 1942లో జెమినీ సంస్థకు కాంచనమాల కథానాయికగా 'బాలనాగమ్మ' తీసి జానపద చిత్రాల ఒరవడికి బలం చేకూర్చారు. 1947లో 'గొల్లభామ' ద్వారా అంజలీదేవిని కథానాయికగా నిలబెట్టారు. ఆయన వద్ద ఏళ్ల తరబడి నిర్మాణ వ్యవహారాలలో సహాయకునిగా శ్రమించిన రేలంగి వెంకట్రామయ్యకు 1948 నాటి 'వింధ్యరాణి' గుర్తింపు తెచ్చింది. తెరవెనుక పనిచేసిన మనిషిని తెరమీదికి తేవడానికి పుల్లయ్య వెనుకాడలేదు.

మకాం మారినా బెంగాల్‌తో ఆయన అనుబంధం తీరలేదు. 1952 నాటి బెంగాలీ హాస్యచిత్రం 'పాషేర్ బాడీ' ఆధారంగా మరుసటి సంవత్సరమే ఆయన 'పక్కింటి అమ్మాయి' తీశారు. అంజలీదేవి, రేలంగి నటించిన ఈ చిత్రంలో గాయకుడు ఎ.ఎం. రాజా కూడా ఒక పాత్ర ధరించారు. అదే కథ 1968లో హిందీలో 'పడోసన్'గా వెలువడింది. 1958 నాటి మరో బెంగాలీ చిత్రం ఆధారంగా 1960లో ఎన్.టి. రామారావు కథానాయకునిగా 'దేవాంతకుడు' తీశారు. బతికుండగానే యమలోకం చేరిన యువకుని కథ అది. ఎస్.వి. రంగారావు యముడు. కాకినాడ ఇంటి ఆవరణలో తాను యముని వేషం కట్టిన నాటికీ ఈ చిత్రానికీ నడుమ మూడు దశాబ్దాలకు పైగా గడిచాయి. భయపెట్టిన యముడు నవ్వించే యముడయ్యాడు.

చేజారిన చిత్రం

పుల్లయ్య జీవితంలో అన్నిటికన్నా కఠిన పరీక్ష 'లవకుశ'తోనే వచ్చింది. తాను 1934లో తీసిన కథనే పూర్తిగా రంగులలో తీయడానికి 1958 ప్రాంతంలో ఆయన పూనుకొన్నారు. శ్రీరామునిగా రామారావు, సీతగా అంజలీదేవి నటించగా, ఘంటసాల సంగీతం సమకూర్చారు. నిర్మాత ఎ. శంకరరెడ్డి. రంగుల ఫిల్ము వ్యయం నాటి తెలుగు నిర్మాతల శక్తికి మించినది. కొంత చిత్రీకరణ జరిగాక నిధులు కొరవడి పని ఆగిపోయింది. నెలలు కాదు, సంవత్సరాలు గడిచాయి. పెద్దవారి రూపం మారకున్నా లవకుశులుగా నటిస్తున్న పిల్లల వయసు ఎవరి కోసమూ ఆగదు. చిత్రం ఇక వెలుగు చూడదన్న నిస్పృహ అలుముకొంది.

తిరిగి నిధులు సమకూరే నాటికి పుల్లయ్య ఆరోగ్యం సహకరించలేదు. మిగిలిన భాగాన్ని పూర్తిచేసే బాధ్యత ఆయన కుమారుడు సి.ఎస్. రావు స్వీకరించారు. 1963 మార్చి 29న విడుదలైన 'లవకుశ' పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రంగా చరిత్రకెక్కింది. వసూళ్లలో ఆనాటి రికార్డులను తిరగరాసింది. దర్శకులుగా తండ్రీ కొడుకుల పేర్లు రెండూ తెరమీద నిలిచాయి. తాను మొదలుపెట్టిన పనిని మరొకరి చేతికి అప్పగించడం ఏ కళాకారునికైనా బాధాకరమే. ఆ మరొకరు కన్నకొడుకు కావడం పుల్లయ్యకు దక్కిన ఊరట. తండ్రి ఆత్మను కొడుకు లవకుశులలో చూసుకొనే కథకు ఇంతకన్నా తగిన ముగింపు మరొకటి ఉండబోదు.

అంతటితో ఆయన విశ్రమించలేదు. 1966లో 'పరమానందయ్య శిష్యుల కథ', 1967లో 'భువనసుందరి కథ' చిత్రాలను అందించారు. అదే సంవత్సరం అక్టోబరు 6వ తేదీన కన్నుమూశారు. దాదాపు నాలుగు దశాబ్దాల కాలంలో ఆయన మూకీ నుంచి టాకీకి, కలకత్తా నుంచి మద్రాసుకు, పౌరాణికం నుంచి సాంఘికానికి, నలుపు తెలుపుల నుంచి రంగులకు మారుతూ వచ్చారు. ప్రతి మార్పూ అప్పటి వరకు నేర్చినదాన్ని కొంత వదులుకోమన్నది. ఆయన వదులుకొన్నారు, కొత్తది నేర్చుకొన్నారు.

కలకత్తాలో రూపొందిన ఆనాటి తెలుగు చిత్రాలలో అనేకం నేడు చూడటానికి లభించవు. తారల జన్మదినాలను జరుపుకొనే జనం ఆ తారలను తీర్చిదిద్దిన తొలి దర్శకులను అరుదుగా తలుస్తారు. భానుమతి, అంజలీదేవి, రేలంగి, కృష్ణవేణిల పేర్లు వినిపించిన ప్రతిసారీ పుల్లయ్య పేరు కూడా గుర్తుకు రావడమే ఆయనకు సముచితమైన నివాళి.

ఈ సంగతి ఖరగ్‌పూర్ వాసులకు మరింత వర్తిస్తుంది. ఇక్కడి తెలుగు కుటుంబాలలో మూడో తరం, నాలుగో తరం పిల్లలు బెంగాలీ, హిందీ భాషల నడుమ పెరుగుతున్నారు. ప్రభుత్వ గుర్తింపు ఒక హక్కు మాత్రమే. భాష నిలవాలంటే అది ఇంట్లో వినిపించాలి. సొంత గడ్డపై స్టుడియో లేని రోజుల్లో పరాయి నగరానికి వెళ్లి, భాష తెలియని వారి యంత్రాలతో తెలుగు మాటను, తెలుగు పద్యాన్ని పదిలపరిచి తెచ్చిన పుల్లయ్య జీవితం ఆ పిల్లలకు చెప్పదగిన కథ. ఆయన ప్రయాణించిన మార్గం వారి ఊరి మీదుగానే సాగింది.