అరటిపండుని ఎగరేసిన దర్జీగారబ్బాయి

మన వైజాగ్‌లో ఉంటూ ఐఎన్ఎస్ జలాశ్వ పేరు విననివాళ్లు తక్కువే. 2007లో మన నేవీలోకి రాకముందు అది అమెరికా వాళ్ల యూఎస్ఎస్ ట్రెంటన్. 1991 జనవరిలో సోమాలియా రాజధాని మొగదిషులో యుద్ధం మధ్య ఇరుక్కున్న 281 మందిని హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. ఆ పనికి వెళ్లిన రెండు ఓడల్లో ట్రెంటన్ ఒకటి. ఎక్కువమందిని మోసుకొచ్చినవి మాత్రం రెండో ఓడ గువామ్ మీద ఉన్న సీ నైట్ హెలికాప్టర్లు. వాటికి ముందొక రోటర్, వెనకొక రోటర్. తోకలో చిన్న ఫ్యాన్ ఉండదు. ఆ డిజైన్ని సైన్యానికి పనికొచ్చేలా నిలబెట్టినవాడు ఫ్రాంక్ పియాసెకీ.

1919 అక్టోబర్ 24న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి పోలండ్ నుంచి వలసొచ్చిన దర్జీ. కుర్రాడిగా ఉన్నప్పుడే ఆటోజైరోలు తయారుచేసే కంపెనీలో పనిచేశాడు. 1940లో న్యూయార్క్ యూనివర్సిటీలో డిగ్రీ అయింది. అదే ఏడాది పాత క్లాస్‌మేట్ హెరాల్డ్ వెంజీతో కలిసి పి-వి ఇంజనీరింగ్ ఫోరం పెట్టాడు. 1943 ఏప్రిల్ 11న వాళ్ల మొదటి హెలికాప్టర్ పీవీ-2 గాల్లోకి లేచింది. నడిపింది కూడా ఫ్రాంకే!

అది ఒక్క మనిషికి సరిపోయే బుల్లి మెషీన్. నేవీకి కావలసింది బరువులు మోసేది. చిక్కంతా అక్కడే ఉంది. రోటర్ ఒకవైపు తిరిగితే బాడీ ఎదురువైపు తిరగబోతుంది. దాన్ని ఆపే తోక ఫ్యాన్‌కి ఇంజిన్ పవర్ కొంత పోతుంది. పైగా ఒంటి రోటర్ అంటే కావడి లాంటిది, బరువు ఏ కాస్త జరిగినా తూగు తప్పుతుంది. పియాసెకీ కావడిని పల్లకీగా మార్చాడు. ముందు వెనక రెండు రోటర్లు, ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి ఒకదాని టార్క్‌ని ఇంకొకటి రద్దు చేస్తుంది. పవరంతా బరువెత్తడానికే. రెక్కలు ఒకదానికొకటి తగలకుండా తోకని పైకి వంచాడు. 1945 మార్చిలో అది ఎగిరింది. వంపు చూసి జనం ఎగిరే అరటిపండు అన్నారు. దాని వారసుడు ఎచ్-21 1961 డిసెంబర్లో వియత్నాం యుద్ధానికి కూడా వెళ్లింది.

అప్పటికి కంపెనీ అతనిది కాదు. పెట్టుబడి పెట్టినవాళ్ల చేతికి పగ్గాలు పోయాయి. 1955లో బయటికొచ్చేశాడు. 1956లో కంపెనీ పేరు వెర్టోల్‌గా మారింది, 1960లో బోయింగ్ కొనేసింది. సీ నైట్, చినూక్ రెండూ అతను లేని ఆ కంపెనీ నుంచే వచ్చాయి.

అతను వెంటనే ఇంకో కంపెనీ పెట్టుకుని పని సాగించాడు. అన్నీ కలిసిరాలేదు. పెద్ద గాలిసంచికి నాలుగు హెలికాప్టర్లు కట్టి, అడవుల్లో దుంగలు మోయడానికి హెలిస్టాట్ తయారుచేశాడు. 1986 జులై 1న లేక్‌హర్స్ట్‌లో పరీక్షిస్తుండగా అది కూలిపోయింది. ఒక పైలట్ చనిపోయాడు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం అతనికి నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. ఒకే మనిషికి, ఒకే ఏడాదిలో ఆ రెండూ.

2008 ఫిబ్రవరి 11న, 88వ ఏట పియాసెకీ కన్నుమూశాడు. 2019 మార్చిలో చండీగఢ్‌లో మన ఎయిర్‌ఫోర్స్ చినూక్‌లని చేర్చుకుంది. వాటి మీద ఉన్న పేరు బోయింగ్‌ది. పైన తిరిగే రెండు రోటర్ల డిజైన్ని సైన్యానికి పనికొచ్చేలా నిలబెట్టింది మాత్రం, కాలేజీ స్నేహితుడితో కలిసి కంపెనీ తెరిచిన ఆ దర్జీగారబ్బాయే.