లాతూరు వకీలు : ఖాసిం రజ్వీ జీవితం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఏ పల్లెకు వెళ్ళినా రజాకార్ల కాలమన్న మాట కాలగణనం వలె వినిపిస్తుంది. ఫలానా బావి అంతకు ముందు త్రవ్వినదనీ, ఫలానా ముసలమ్మ ఆ ఏట పుట్టినదనీ చెప్పుకొంటారు. తరగతిలో ఆ మాట వచ్చినప్పుడు ముస్లిం విద్యార్థి తల వంచుకొనడం మేము పెక్కుసార్లు చూచాము. ఆ దళానికి నాయకుడెవరో, తుదకు ఏమైనాడో ఆ విద్యార్థికీ తెలియదు, ప్రక్కన కూర్చున్న మిత్రునికీ తెలియదు. అందుచేత ఆ నాయకుని జీవితాన్ని దాపరికం లేకుండా ఇక్కడ చెప్పదలచినాము.

సయ్యద్ ఖాసిం రజ్వీ 1902లో జన్మించాడు. అలీగఢ్‌లో న్యాయశాస్త్రం చదివి, నిజాం రాజ్యపు మరాఠ్వాడాలో, ఉస్మానాబాదు జిల్లాలోని లాతూరులో వకీలుగా స్థిరపడ్డాడు. లాతూరు పెద్ద వర్తక కేంద్రం. అక్కడ అతడు నడివయస్సు వరకు జిల్లా వకీళ్ళలో ఒకడు మాత్రమే.

అతనికి వేదిక నిచ్చిన సంస్థ వేరొకరు నిర్మించినది. మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో మత, సాంస్కృతిక సంఘంగా మొదలైంది. దానికి రాజకీయ స్వరూపమిచ్చినవాడు బహదూర్ యార్ జంగ్. ఉర్దూలో అంతటి వక్త ఆనాడు అరుదు. బిరుదును, జాగీరును వదులుకొన్న త్యాగి. అయినా ఆయన ప్రచారం చేసిన సిద్ధాంతంలోనే విషబీజమున్నదని మా అభిప్రాయం. సార్వభౌమాధికారం నిజాం ఒక్కనిది కాదనీ, రాజ్యంలోని ప్రతి ముస్లిమూ దానిలో భాగస్వామియేననీ ఆ సిద్ధాంతం. జనాభాలో ముస్లిములు నూటికి సుమారు 13 మంది. వారిలో నవాబులు ఎందరు? ఎక్కువమంది జవానులు, గుమాస్తాలు, నేతగాండ్రు, జట్కా తోలేవారు. పూట గడవని వానికి నీవు రాజువని చెప్పడం ఎంత మత్తు కలిగిస్తుందో ఊహించవచ్చు.

ఆ రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో ఇటువంటి మత్తు మన రాజ్యానికే పరిమితం కాదు. ఇటలీలో నల్లచొక్కాలు, జర్మనీలో గోధుమరంగు చొక్కాలు లేచాయి. చిన్న దేశమైన బల్గేరియాలో కూడ 1936లో రాత్నిక్ అనే దళం పుట్టింది. లాహోరులో 1931లో మొదలైన ఖాక్సారులు ఖాకీ దుస్తులతో, భుజాన పారలతో కవాతు చేశారు. రజాకారన్న మాటకు స్వచ్ఛంద సేవకుడని అర్థం. ఆ సేవాదళం బహదూర్ యార్ జంగ్ నాటిదే.

1944 జూన్‌లో ఆయన హఠాత్తుగా మరణించాడు. తర్వాతి అధ్యక్షులు మితవాదులు. ఎక్కువ కాలం నిలువలేదు. 1946 చివర లాతూరు వకీలు అధ్యక్షుడయ్యాడు. అతనికి బహదూర్ యార్ జంగ్ పాండిత్యం లేదు, కంఠమున్నది. సేవాదళం సైన్యమైంది. దాని సంఖ్య రెండు లక్షలని చెప్పుకొన్నారు. చేతిలో తుపాకి ఉన్నవారు మాత్రం కొద్దిమందే. ఢిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ జెండా ఎగురవేస్తామని అతడు సభలలో ప్రకటించేవాడు.

1947 అక్టోబరు 27 తెల్లవారుజామున భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడికకై ఢిల్లీ వెళ్ళవలసిన ప్రతినిధుల ఇండ్లను మజ్లిస్ జనసమూహం చుట్టుముట్టింది. ప్రధానమంత్రి ఛతారీ నవాబు రాజీనామా చేశాడు. ఒడంబడిక మరొక నెలకు, నవంబరు 29న కుదిరింది గాని, ఆ ఉదయమే రాజ్యాధికారం రాజు చేతి నుండి జారిపోయినదని చెప్పాలి. కొత్త ప్రధాని మీర్ లాయఖ్ అలీ రజ్వీని అదుపు చేయలేదు.

ఆనాటి నల్లగొండ జిల్లాలో రజాకార్లు ఎవరికి కాపలా కాశారన్నది మన విద్యార్థులు తెలుసుకొనవలసిన సంగతి. ఇస్లాం రక్షణకని పుట్టిన దళం ఇక్కడ దేశముఖుల గడీలకు అండగా నిలిచింది. ఆ దేశముఖులు హిందువులు. వారి దౌర్జన్యాన్ని కోర్టులో ఎదిరించి, 1940లో విసునూరు దేశముఖు మనుషుల చేతిలో ప్రాణం పోగొట్టుకొన్న కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. 1947 సెప్టెంబరులో నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడైన కవి మఖ్దూం మొహియుద్దీనూ ముస్లిమే. రజాకార్లు, పోలీసులు కలసి సంఘాల పల్లెలపై పడ్డారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో జనాన్ని కాల్చిచంపారు.

దానికి ఆరు రోజుల ముందు హైదరాబాదు నగరంలో మరొక హత్య జరిగింది. ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను విమర్శించి, రాజ్యం భారత యూనియన్‌లో చేరాలని వ్రాస్తూ వచ్చాడు. వ్యతిరేకంగా వ్రాసే చేతులు ఉండవని రజ్వీ బహిరంగసభలో బెదిరించాడు. ఆగస్టు 21 రాత్రి పత్రికా కార్యాలయం నుండి కాచిగూడలోని ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను దారికాచి కాల్చి, చేయి నరికారు. ఆయనకు ముప్పది ఏండ్లు కూడ నిండలేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదలింది. బెజవాడ వైపునుండి వచ్చిన దళం ఉదయం ఎనిమిదిన్నరకు కోదాడ చేరింది. మరునాడు విమానదాడి తర్వాత సూర్యాపేట వశమైంది. వెనుకకు మళ్ళిన నిజాం సైనికులు మూసీ వంతెనను పేల్చివేసి, దానికి కాపలా పెట్టడం మరచారు. భారత సైన్యం త్వరలోనే బాగుచేసుకొన్నది. ఎర్రకోట వరకు వెళ్ళవలసిన సైన్యం అయిదు రోజులలో ముగిసింది. రజ్వీని అరెస్టు చేశారు.

అతడు ప్రాణాలతో నిర్బంధంలో ఉన్నాడు. అతని ఊరివారికి ఆ భాగ్యం లేకపోయింది. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ సంవత్సరాంతంలో రాజ్యమంతా తిరిగి, సైనికచర్య సమయంలోనూ తర్వాతనూ చనిపోయినవారు 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాలలో ఉస్మానాబాదు ఒకటి. మన నల్లగొండ రెండవ వరుసలో ఉన్నది. లాతూరులో హత్యలు ఇరువది రోజులకు పైగా సాగాయనీ, సుమారు పదివేల ముస్లిములలో తమకు మూడువేలమంది కూడ కనబడలేదనీ ఆ బృందం వ్రాసింది. కొన్ని తావులలో హిందూ నేతగాండ్రు తమ తోటి ముస్లిం నేతగాండ్రను ప్రాణాలొడ్డి కాపాడారని కూడ వ్రాసింది. ఈ నివేదిక 2013 వరకు సామాన్య పాఠకునికి అందలేదు. అందుచేత మన ఇండ్లలో ఈ సంగతులు గుసగుసలుగానే మిగిలాయి.

షోయబుల్లా హత్య కేసులో రజ్వీకి శిక్ష నిలువలేదు. బీబీనగర్ దోపిడీ కేసులో 1950లో ఏడేండ్ల శిక్ష పడింది. 1953లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. సామ్రాజ్యమడిగిన మనిషికి దోపిడీ నేరం కింద శిక్ష పడటం విచిత్రంగా తోచవచ్చు. చట్టానికి చిక్కినది అంతమాత్రమే. 1957లో విడుదలై, మజ్లిస్‌ను అబ్దుల్ వాహెద్ ఒవైసీ అనే వకీలుకు అప్పగించి, పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. అక్కడి రాజకీయాలలో అతనికి చోటు దొరకలేదు. 1970 జనవరి 15న కరాచీలో మరణించాడు.

అతని మాట విని ఖాకీ తొడిగిన జవానులకు, గుమాస్తాలకు వెళ్ళడానికి కరాచీ లేదు. ఉద్యోగాలు పోయినవారు పోగా, చాలామంది ఈ ఊళ్ళలోనే కుట్టుమిషన్ ముందు, సైకిలు దుకాణంలో కూర్చొని, ఆ రెండేండ్ల సంగతి పిల్లలకు చెప్పకుండానే వెళ్ళిపోయారు.